మేస్త్రీ చెప్పిన సారీ

నాన్న చొక్కా చేతిని బల్ల మీద పరిచి, నా వైపు చూడకుండానే అరచెయ్యి చాచాడు. గిన్నెలోంచి కొన్ని నీళ్ళు పోశాను. ఆయన వేళ్ళు విదిలించి చొక్కా మీద చిలకరించి, ఇస్త్రీ పెట్టె ఆనించాడు. చుయ్‌మని ఆవిరి లేచింది. అది అన్నయ్య చొక్కా. ఆ ఒక్క చేతినే నాన్న అప్పటికి చాలాసేపట్నుంచి ఇస్త్రీ చేస్తున్నాడు.

నాన్న లాండ్రీలో మేస్త్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు బండ్లకు బండ్లు వచ్చిపడే పెద్ద లాండ్రీ అది. పగలంతా అక్కడ ఆవిరిలో ఉడికి వచ్చిన మనిషి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోగానే మళ్ళీ ఇస్త్రీ పెట్టె పట్టుకుంటాడు. మేం చేస్తామంటే ఒప్పుకోడు. "మీరు చేసేది ఇస్త్రీ కాదు, బట్టకి జ్వరం వచ్చిందో లేదో చూడటం" అంటాడు.

ఆ ఇస్త్రీకి ఒక వరుస ఉంది. ముందు అన్నయ్యవి, తర్వాత నావి, అమ్మవి, చివర్న ఆయనవి. ఎప్పుడైనా ఆ వరుస తప్పి అమ్మ బట్టలు ముందు బల్ల ఎక్కాయంటే, పొద్దున ఆయన అమ్మ మీద అరిచాడని అర్థం. అమ్మ ఓరగా చూసేది. ఆ పూట కూరలో ఉప్పు సరిపోయేది. నన్ను అనవసరంగా కసిరిన రోజు నా బట్టలు ముందుండేవి. మా ఇంట్లో సారీ అలా వెచ్చగా, మడతపెట్టి వచ్చేది. నోటితో ఎవరూ అనేవాళ్ళు కాదు.

అందుకే ఆయన ఉన్నట్టుండి, "అమ్మలూ, నువ్వు రోజంతా అంటావే ఆ మాట... సారీ... అదెలా అనాలే?" అని అడిగేసరికి నా చేతిలో గిన్నె తొణికింది.

"ఎలా ఏముంది నాన్నా. అనడమే."

"అదే, ఎలా?"

అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది. "ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకోవడానికి బోలెడు అవకాశాలిచ్చాను. ఒక్కటైనా వాడుకున్నారా?"

నాన్న నవ్వలేదు. అమ్మ కూడా తన మాటకి తనే నవ్వబోయి మానేసింది. లోపలి గదిలో అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని ముగ్గురికీ తెలుసు.

అన్నయ్య కూడా అదే లాండ్రీలో పనిచేస్తాడు. తడి దుప్పట్లను ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ నడుపుతాడు. మడతక్క దానికి అవతలి వైపు నిలబడి, వేడివేడిగా వచ్చే దుప్పటిని అందుకుని మడతపెడుతుంది. ఎన్నేళ్ళుగానో అదే పని కాబట్టి ఆమెకి ఆ పేరే మిగిలింది. అసలు పేరు పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదని అందరూ నవ్వుతారు.

రోలర్ ముందు అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. వేళ్ళు దానికి తగిలితే మిషన్ ఆగిపోవాలి. కానీ దుప్పటి అంచు కాస్త మందంగా ఉన్నా తగులుతుంది, మిషన్ ఆగుతుంది. మాటిమాటికీ ఆగితే పని సాగదు. అందుకని కమ్మీని గుడ్డ పీలికతో పైకి కట్టేస్తారు. పొద్దున నాన్న వచ్చి విప్పేవాడు. మధ్యాహ్నానికి అన్నయ్య మళ్ళీ కట్టేవాడు. దాని గురించి తండ్రీకొడుకులు ఏనాడూ ఒక మాట అనుకోలేదు. మొన్న ఆసుపత్రి దుప్పట్లు ఆలస్యమయ్యాయి. నాన్న పీలికను చూశాడు. చూసి, విప్పకుండా పక్కకు వెళ్ళాడు. దుప్పట్లు అందించే మనిషి రాకపోవడంతో మడతక్క ఇవతలి వైపుకి వచ్చి అందిస్తోంది.

ఆమె కుడి చేతికి ఇప్పుడు బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి.

ఆ కబురు విన్న రోజు అమ్మ "చేతులు కాలాక..." అని సామెత మొదలుపెట్టి, ఏమంటున్నదో తన చెవికే వినబడి నోరు నొక్కుకుంది.

లాండ్రీలో పెద్దాయన కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. పెద్దాయన అంటే పాత యజమాని. ఏ దుప్పటి మాడినా, ఒక హోటలు తువ్వాళ్ళు ఇంకో హోటలుకి పోయినా, ఆయన వచ్చి నట్టనడుమ నిలబడి మేస్త్రీని తిట్టేవాడు. "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా? గాడిదల్ని కాస్తున్నావా?" అని పైకప్పు అదిరేలా అరిచేవాడు. మేస్త్రీ తల దించుకుని నిలబడాలి. పాడుచేసినవాడెవడో అందరికీ తెలుసు. పెద్దాయనకీ తెలుసు. వాడు మిగతావాళ్ళలో కలిసిపోయి నేల చూస్తూ ఉండేవాడు. మేస్త్రీ వాడి పేరు ఎత్తకూడదు. తిట్లన్నీ అయ్యాక, కాసేపటికి పెద్దాయన గదిలోంచి మేస్త్రీకి పింగాణీ కప్పులో టీ వచ్చేది. మిగతావాళ్ళందరికీ గాజు గ్లాసులే. ఆ కప్పు వచ్చిందంటే విషయం అక్కడితో సరి. నాన్న అలా ఎన్ని కప్పులు తాగాడో ఆయనకే గుర్తులేదు.

"మేస్త్రీ అంటే ఏమనుకున్నావ్? గొడుగు. తడవడానికే పుట్టింది" అనేవాడు నాతో. అలా అన్నప్పుడు ఆయన మెడ కాస్త నిలువుగా ఉండేది.

పెద్దాయన మంచాన పడ్డాక ఆయన కొడుకు వచ్చాడు. చిన్నయజమాని అరవడు. అందర్నీ గారు అంటాడు. ఆడవాళ్ళు వస్తుంటే తలుపు పట్టుకుని నిలబడతాడు. నడుస్తూ ఎవరి భుజమైనా తగిలితే సారీ అంటాడు. తగలకపోయినా అంటాడు. మొదట్లో పనివాళ్ళకి అది పెద్ద వేడుక. మధ్యాహ్నం తిండి దగ్గర "ఇవాళ నాకొక సారీ వచ్చింది, నీకు?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళట. మడతక్కే ఎక్కువ నవ్వించేదట.

ఆ చిన్నయజమాని ఆ సాయంత్రమే, నాన్న ఇంటికి బయల్దేరబోతుంటే పిలిచి, "రేపు అందరి ముందూ మీరొక్క సారీ చెప్తే బాగుంటుంది మేస్త్రీ గారూ. అందరి మనసూ కాస్త కుదుటపడుతుంది" అన్నాడట. నాన్నకి ఇందులో కొత్తేమీ కనబడలేదు. పెద్దాయన ముందు తల దించుకునేవాడు. ఈయన ముందు సారీ అనాలి. కాలం మారింది, మాట మారింది, అంతే. కాకపోతే ఆ మాట ఆయన నోటికి అలవాటు లేదు.

"మీ ఆఫీసులో మీరు ఎవరి తప్పుకి చెప్తారు?" అని నన్నడిగాడు నాన్న.

ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు అమ్మే ఒక కంపెనీలో నాది ఫోన్లు ఎత్తే పని. పాడైపోయాయని జనం ఫోన్ చేస్తారు. నేను సారీ అంటాను. చేరిన కొత్తలో మా ట్రైనర్ మేడమ్ ఆ ఒక్క మాటకే ఒక పూటంతా కేటాయించింది. గొంతు కిందికి దించాలి. చివర్న కాస్త సాగదీయాలి. మీకు కలిగిన ఇబ్బందికి సారీ అనాలి, మా వల్ల కలిగిన ఇబ్బందికి అనకూడదు. "సారీ చెప్పండి, దేనికో చెప్పకండి" అన్నది ఆమె పాఠం సారాంశం.

అంతకు ముందు ఆ మాట నాకు వేరే రకంగా తెలుసు. మా ఊరి బళ్ళో ఆలస్యంగా వెళ్తే గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని "సారీ టీచర్" అనాలి. అప్పుడు లోపలికి రానిచ్చేవారు. లోపలికి రావచ్చా అనడానికి ఇంగ్లీషులో అలా అంటారనే నేను చాలాకాలం అనుకున్నాను. తర్వాత నానమ్మని ఆసుపత్రిలో ఉంచినప్పుడు, డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి మా అందరి మొహాలూ చూసి "సారీ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ అప్పటికప్పుడు నేలమీద కూలబడింది. బస్సులో కాలు తొక్కినవాళ్ళు అనేదీ అదే మాట. ఆఫీసులో నా పక్క సీటు పిల్ల సరిగ్గా వినబడకపోతే "సారీ?" అంటుంది. ఒకే మాట ఒకచోట చీపురుపుల్లంత తేలిగ్గా, ఇంకోచోట తిరగలిరాయంత బరువుగా ఎలా ఉంటుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఇవన్నీ నాన్నకి చెప్పలేదు. మా ఆఫీసు సంగతి మాత్రం చెప్పాను.

"ఎవరి తప్పుకైనా చెప్తాం నాన్నా. మాకు సంబంధం ఉండదు."

"అయితే అది అన్నవాడికి అంటదన్నమాట."

"మా దగ్గర అంటదు. మీ దగ్గర ఎలాగో నాకు తెలీదు."

"అంటకపోతే మంచిదేగా" అన్నాడు నాన్న. ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. "తప్పయింది అన్నాననుకో, నేను చేశానని. ఇది అలా కాదు. ఎవరి మీదా పడకుండా మధ్యలో నిలబడే మాట. బాగానే కనిపెట్టారు."

తర్వాత నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, "సారీ!" అన్నాడు. అది పనివాళ్ళని పిలిచే గొంతు.

"అలా అంటే దుప్పట్లు కూడా పారిపోతాయి" అంది అమ్మ.

"కిందికి దించు నాన్నా గొంతు."

"సారీ."

"ఇంకాస్త."

"ఇంకా దించితే నాకే వినబడదే."

మంచం కిర్రుమంది. అన్నయ్య లేచి వచ్చాడు. కుండ దగ్గరికి వెళ్ళి, గ్లాసు ముంచి, నిలబడి నీళ్ళు తాగాడు. అతను తాగినంతసేపూ నాన్న ఇస్త్రీ పెట్టెను గాల్లోనే పట్టుకున్నాడు. అమ్మ తలుపు పట్టుకుని చూస్తోంది. అన్నయ్య గ్లాసు బోర్లించి, మూతి తుడుచుకుని, వెళ్ళి మళ్ళీ పడుకున్నాడు. నాన్న చొక్కాను కుర్చీ వీపుకి తొడిగి, నా బట్టలు అందుకున్నాడు.

మర్నాడు నేను ఆఫీసునుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. నా వెనకాలే నాన్న వచ్చాడు. మొహంలో అలసట తప్ప ఏమీ కనబడలేదు. చెప్పులు విడుస్తూ, "టీ ఇచ్చాడు" అన్నాడు.

అమ్మ గుండెలమీద చెయ్యి వేసుకుంది. "పింగాణీ కప్పేనా?"

"పింగాణీదే. సాసరు కూడా ఉంది."

"మరి చెప్పరేం! పొద్దుట్నుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదు." అమ్మ గబగబా లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. గిన్నెల చప్పుడులో కూడా ఆమె తేలికపడటం వినబడింది. నాన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇస్త్రీ పెట్టె తీగను వేలికి చుడుతూ, విప్పుతూ, మొత్తం చెప్పాడు. ఏదీ దాచలేదు. వరుస కూడా మార్చలేదు.

పొద్దునే అందర్నీ రోలర్ దగ్గర నిలబెట్టారట. చిన్నయజమాని ముందు తను మాట్లాడి, మేస్త్రీ గారు కూడా ఒక మాట చెప్తారన్నాడట. నాన్న గొంతు దించి, నేను చెప్పినట్టే చివర్న కాస్త సాగదీసి చెప్పాడట. ఎవరో చప్పట్లు కూడా కొట్టారట. వెనకాల కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ఒకాయన నిలబడి ఉంటే, కొత్త హోటలువాళ్ళేమో అనుకున్నాడట.

"తర్వాత గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. పెద్దాయన ఏనాడూ కూర్చోమనలేదు. టీ తెప్పించాడు. నేను సగం తాగాక, సారీ మేస్త్రీ గారూ అన్నాడు."

"ఆయనెందుకు చెప్పడం?" అంది అమ్మ లోపల్నుంచి.

"నేనూ అదే అడిగాను. ఎందుకు బాబూ అని. రేపట్నుంచి మీరు రానక్కర్లేదు అన్నాడు."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

ఆ కళ్ళజోడు మనిషి మిషన్ల దగ్గర పనివాళ్ళకి అపాయం లేకుండా ఉందో లేదో చూసే ఆఫీసరట. ఎవరో ఒకరు బాధ్యులని తేలకపోతే లాండ్రీకి తాళం వేస్తానన్నాడట. 'మీరే అందరి ముందూ ఒప్పుకున్నారు కదా మేస్త్రీ గారూ. ఆయన స్వయంగా విన్నారు. మీ వల్ల ఇంతమంది పని నిలబడింది. అయామ్ రియల్లీ సారీ' అన్నాడట చిన్నయజమాని. ఆ మాట అనేటప్పుడు అతని కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయని నాన్న చెప్పాడు. అబద్ధం కాదు, నిజంగానే ఉన్నాయన్నాడు.

"నువ్వేమన్నావు నాన్నా?"

"ఏమంటాను? టీ సగంలో ఉంది. తాగేశాను. వదిలేసి లేస్తే ఏం బావుంటుంది?"

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "పీలిక మాట చెప్పలేదా?" అని అడిగింది. చాలా నెమ్మదిగా అడిగింది. అప్పటికే అన్నయ్య వీధి గుమ్మం దగ్గరున్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరం చూడలేదు. నాన్న మటుకు చూశాడనుకుంటాను.

"గొడుగు అన్నాక పక్కవాడి మీదికి నీళ్ళు వంచదే" అన్నాడు.

అన్నయ్య మా మధ్యలోంచి లోపలికి వెళ్ళిపోయాడు. నాన్న లేచి కాళ్ళు కడుక్కుని వచ్చి, ఇస్త్రీ పెట్టె వేడి చేశాడు. ఆ సాయంత్రం కూడా మొదట అన్నయ్య చొక్కానే తీశాడు.

కొన్నాళ్ళకి చిన్నయజమాని అన్నయ్యని పిలిచి మేస్త్రీ పని చూసుకోమన్నాడు. నాన్న దగ్గర నేర్చుకున్న పనితనం కదా అన్నాడట. అన్నయ్య ఆ సంగతి వంటింట్లో అమ్మకి గొంతు తగ్గించి చెప్పాడు. ఇవతల నాన్నకి వినబడింది. "మంచిదే. రోలర్ పట్టీ బాగా అరిగింది, మార్పించమను" అన్నాడు అమ్మతో. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ అమ్మ ద్వారానే మాట్లాడుకునేవారు. "అన్నం తిన్నాడా?" "పనివాళ్ళలో కొత్తవాడు ఎలా ఉన్నాడట?" "తువ్వాళ్ళు విడిగా ఉతకమన్నానని చెప్పు." ఒకే గదిలో ఉండి, నడుమ ఏరు ఉన్నట్టు మాట్లాడేవారు. ఇప్పుడు ఆ కమ్మీని ఎవరూ కట్టడం లేదని, కట్టబోతే అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపుతున్నాడని అమ్మే చెప్పింది. నాన్న తలూపాడు.

నాన్న వేరేచోట్లకి వెళ్ళి పని అడిగాడు. లాండ్రీ మేస్త్రీలు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. పాపం అన్నారు, కూర్చోమన్నారు, మాట నాన్న కంటే ముందే అక్కడికి చేరింది. చేతులు పోయిన చోటినుంచి వచ్చిన మేస్త్రీని ఎవరు పెట్టుకుంటారు? వాళ్ళు కూడా సారీ అన్నారు. అడగడం మానేశాక ఆయన ఇస్త్రీ సాయంత్రం నుంచి పొద్దుటికి మారింది.

నేను ఎదురుచూసేదాన్ని. అన్నయ్య ఏదో ఒకటి అంటాడని. సారీయే అనక్కర్లేదు. ఒక పొద్దున తను ముందు లేచి నాన్న చొక్కా ఇస్త్రీ చేసినా సరిపోయేది. మా ఇంట్లో అది చాలు. అన్నయ్య నాతో బాగానే ఉండేవాడు. అమ్మకి మందులు తెచ్చేవాడు. నాన్న ఎదురుపడితే మటుకు ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి తిరిగేవాడు. కంచంలో అన్నం సగంలోనే వదిలేసేవాడు. చెంపలు లోపలికి పోయాయి. రాయి కాదని తెలుసు నాకు. రాయయితే ఇంత చిక్కిపోడు.

ఆ రోజుల్లోనే ఆఫీసులో ఒక ముసలావిడ ఫోన్ చేసింది. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయట. నేను సారీ అన్నాను. "నువ్వెందుకమ్మా అంటావ్? నువ్వు పాడుచేశావా నా ఫ్రిజ్? పాడుచేసినవాణ్ణి పిలువు" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. నేను మళ్ళీ సారీ అన్నాను. మాకు ఇచ్చింది ఆ ఒక్క మాటే.

ఒక సెలవునాడు నాన్న నన్ను తోడు తీసుకుని మడతక్క ఇంటికి వెళ్ళాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల, మేడ మీద ఒకే ఒక్క గది. మేం వెళ్ళేసరికి ఆమె మంచం మీద ఉతికిన బట్టలు పోసుకుని మడతపెడుతోంది. తువ్వాలు అంచును గడ్డం కింద నొక్కిపట్టి, ఎడమ చేత్తో సగానికి మడిచి, కట్టుకట్టిన కుడి చేత్తో అదుముతోంది. మడత వంకరపోయింది. విప్పి మళ్ళీ పెట్టింది.

నాన్న గుమ్మంలోనే నిలబడి, గొంతు దించి, "సారీ అమ్మా" అన్నాడు. ఇప్పుడాయనకి బాగా వచ్చింది.

మడతక్క నవ్వింది. "రా బాబాయ్, కూర్చో. ఆ మాట నాకు ఆసుపత్రిలో కడుపునిండా పెట్టారు. చిన్నయజమాని పళ్ళతో పాటు పంపాడు. డాక్టరు కోసే ముందొకటి, కోశాక ఒకటి చెప్పాడు. నర్సు సూది గుచ్చినప్పుడల్లా చెప్పేది. ఇంక అరగదు నాకు."

నాన్న కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక తువ్వాలు అందుకుని మడవబోయాడు. ఆమె లాక్కుంది. "ఉండనీ. అలవాటు కావాలిగా."

లాక్కున్న తువ్వాలు మడుస్తూ తనే అంది. "పీలిక కట్టిన చేతులు నాకు తెలీవా బాబాయ్? పక్కనే ఉన్నానుగా. కట్టు తమ్ముడూ, తొందరగా అయిపోతుంది, ఇంటికిపోదాం అని నేనే అన్నాను. నిన్నెందుకు పనిలోంచి తీసేశారో అర్థం కాలేదు నాకు."

నాన్న తల ఎత్తలేదు.

"అందరూ వచ్చి చూసి వెళ్ళారు. తను రాలేదు. ఎన్నేళ్ళు అటొకళ్ళం ఇటొకళ్ళం నిలబడి పనిచేశాం! దుప్పటి కొసలు పట్టుకుని ఎన్ని కబుర్లు చెప్పుకున్నాం! ఒక్కసారి రమ్మను. ఏమీ అననక్కర్లేదు. ఈ చెయ్యి ఒకసారి చూసి వెళ్తే చాలు. రాకపోతే ఏమవుతోందంటే బాబాయ్, పోయింది నా చెయ్యి కాదు, నేనే పోయాననిపిస్తోంది."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఇంకో తువ్వాలు గడ్డం కింద పెట్టుకుంది.

మెట్లు దిగుతూ నాన్న, "నేర్చుకున్నదంతా దండగైంది అమ్మలూ" అన్నాడు. నవ్వుదామనుకున్నాను. ఆయన గోడ పట్టుకుని దిగడం అదే మొదటిసారి చూశాను.

అమ్మ ఆ రాత్రే అన్నయ్యకి చెప్పింది. సరే అన్నాడు. మర్నాడు వెళ్ళలేదు. పని ఎక్కువన్నాడు. ఆ తర్వాత తలనొప్పన్నాడు. అమ్మ రోజూ డబ్బా కడుతూ గుర్తుచేసేది. రోజూ సరే అనేవాడు. ఆ సరే కూడా రానురానూ సన్నబడింది. ఒకసారి నేను అడిగాను, "నేను తోడు రానా అన్నయ్యా?" అని. "వెళ్ళి ఏమనాలే?" అన్నాడు. ఏమీ అనక్కర్లేదంది కదా అన్నాను. "అదే" అన్నాడు అన్నయ్య. "అదే నా వల్ల కాదు."

ఈ పొద్దున నాన్న ఎప్పటిలాగే అన్నయ్య చొక్కా పరిచాడు. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. చేతులు, వీపు, కాలరు. చివర్న గుండీల మధ్య ఇస్త్రీ పెట్టె మొన పోనిచ్చి, ఎత్తి చూసి, కుర్చీ వీపుకి తొడిగాడు. అన్నయ్య తల తుడుచుకుంటూ వచ్చి తొడుక్కున్నాడు. కాలరు ఇంకా వేడిగా ఉందేమో, మెడ ఒక్కక్షణం కుదించుకున్నాడు.

అమ్మ డబ్బా బల్ల మీద పెట్టింది. "ఒరేయ్ పెద్దోడా, నిన్ను సెలవు పెట్టమనడం లేదు. రెండు వీధులేగా. వెళ్తూ వెళ్తూ ఆ మెట్లెక్కి గుమ్మంలో నిలబడు. లోపలికి కూడా వెళ్ళకు. చూడు, వచ్చెయ్. నీళ్ళు తాగినంతసేపు పట్టదు. ఆవిడ రేపు వాళ్ళ అన్నగారి ఊరికి వెళ్ళిపోతోందట. ఇంక ఇక్కడికి రాదట."

అన్నయ్య గుండీలు పెట్టుకున్నాడు. సరే అనలేదు. నాన్న నా చున్నీని బల్ల మీద పరిచాడు కానీ ఇస్త్రీ పెట్టె ఆనించలేదు.

డబ్బా కోసం వంగుతూ అన్నయ్య మోచెయ్యి నా గిన్నెకి తగిలింది. నీళ్ళు బల్ల మీదా, నాన్న పాదాల మీదా పడ్డాయి.

"సారీ" అన్నాడు అన్నయ్య.

బస్సులో ఎవరి కాలో తొక్కినప్పుడు అన్నట్టే అన్నాడు. గొంతు దించలేదు, సాగదీయలేదు. కానీ అన్నాక ఆ మాట అతనికి వినబడింది. మాకందరికీ వినబడింది. బల్ల అంచునుంచి చుక్కలు కారుతున్నాయి. అన్నయ్య నాన్న తడి పాదాల వైపే చూస్తూ నిలబడిపోయాడు. పెదవులు విడివడ్డాయి. ఇంకొక్క మాట వస్తే చాలుననిపించింది. వచ్చేలాగే ఉంది.

నాన్న తట్టుకోలేకపోయాడు. కొడుకు అలా నిలబడి ఉండటం ఆయన చూడలేకపోయాడు.

"పర్లేదులే, నీళ్ళేగా" అన్నాడు.

ఇన్నాళ్ళకి అన్నయ్యతో నేరుగా అన్న మాట అది. అన్నయ్య పెదవులు మళ్ళీ కలిశాయి. అమ్మ పొడిగుడ్డ కోసం లోపలికి తిరిగింది. నాన్న వంగి తన పాదాలు తనే తుడుచుకోబోయాడు. అన్నయ్య డబ్బా తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, చొక్కా చేతుల మీద ఇస్త్రీ గీతలు చెక్కుచెదరకుండా, ఒక్క మాటా అనకుండా గడప దాటి వెళ్ళిపోయాడు.